ఫ్లై కట్టడం మొదలుపెట్టేవాళ్లు ముందు ఏం కొనాలి

ఫ్లై కట్టడం, అంటే చేపల కోసం గాలం మీద ఈకలతో, బొచ్చుతో బొమ్మ ఎర చేయడం, నేర్చుకుందామని అమెరికాలో ఏ ఫ్లై షాపుకి వెళ్లినా ముందు కనిపించేది ఒక గోడ. గోడ నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లు వందల్లో వేలాడుతుంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో రంగు ఈకలు, జింక బొచ్చు, కుందేలు బొచ్చు, మెరిసే పోగులు, పూసలు, సన్నటి తీగలు. ఏది దేనికో తెలీదు, ఒక్కో ప్యాకెట్ ధర చూస్తే పెద్దగా ఏమీ అనిపించదు, దాంతో చేతికందినవి పది పదిహేను తీసుకుని ఇంటికొచ్చేస్తారు. తీరా బల్ల మీద పరిచి చూసుకుంటే వాటిలో ఏ మూడూ కలిపి ఒక్క ఫ్లై కూడా తయారవ్వదు. ఈ టెన్షన్ వద్దనుకునేవాళ్లు ‘బిగినర్ కిట్’ పేరుతో వచ్చే డబ్బా కొంటారు, అందులో అన్నీ ఉంటాయి కానీ ఏదీ సరిపడా ఉండదు, ఉన్న పనిముట్లు కూడా చేతికి చిరాకు తెప్పించేవే ఎక్కువ.

దీనికి విరుగుడు నెల సరుకుల చీటీ రాసుకున్నంత మామూలు పని. ముందు ఏ ఫ్లై కట్టాలో తేల్చుకోవాలి, ఆ ఒక్క ఫ్లైకి ఏమేం కావాలో చీటీ రాసుకోవాలి, చీటీలో ఉన్నదే కొనాలి. అందంగా ఉందనో, తగ్గింపు ధరలో ఉందనో ఈక కొని, ఆ ఈకతో ఏం కట్టొచ్చా అని తర్వాత వెతుక్కోవడం నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టే.

ఫ్లై ఫిషింగ్ పరిచయం లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. మన చెరువు గట్ల మీద గాలం అంటే వానపాము, లేదంటే పిండి ముద్ద. ఇక్కడ ఎర ప్రాణమున్నది కాదు, తినేదీ కాదు. చిన్న గాలపు కొక్కెం మీద దారంతో ఈకలు, బొచ్చు చుట్టి, నీళ్లలో బతికే పురుగులాగానో, పిల్ల చేపలాగానో అనిపించేలా చేసిన బొమ్మ. దానికి బరువు లేదు కాబట్టి మందంగా ఉండే దారాన్నే విసురుతారు, ఆ దారం ఫ్లైని లాక్కుపోతుంది. ట్రౌట్ చేప ఉన్న చోటల్లా ఈ పద్ధతి ఉంది: ఇంగ్లండ్ నదులు, అమెరికాలో పెన్సిల్వేనియా, మిషిగన్, కొలరాడో, మోంటానా. బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలిన ట్రౌట్ వల్ల మన దేశంలో కూడా హిమాచల్, కశ్మీర్, నీలగిరుల్లో ఉంది. ఇదేమీ నిన్న మొన్నటి పని కాదు, మాసిడోనియాలో ఎర్ర ఊలు గాలానికి చుట్టి దానికి రెండు కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని సుమారు 1,800 ఏళ్ల కిందటే ఈలియన్ అనే రోమన్ రచయిత రాసిపెట్టాడు. ఊలు, రెండు ఈకలు, అంతే. మొదలుపెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన లెక్క కూడా అదే.

మరి మొదటి ఫ్లైగా ఏది? వూలీ బగ్గర్. ఇందులో పెద్దగా చర్చ అక్కర్లేదు. పెన్సిల్వేనియాకి చెందిన రస్సెల్ బ్లెస్సింగ్ 1967లో దీన్ని కట్టాడు, అప్పటి నుంచి ఇది ట్రౌట్‌నీ, బాస్‌నీ, ఇంకా చాలా చేపల్నీ పడుతూనే ఉంది. నీళ్లలో ఇది జలగలా కనిపిస్తుందో, పిల్ల చేపలా కనిపిస్తుందో చేపకే తెలియాలి, దేనిలాగా అనుకున్నా నోరు తెరుస్తుంది. కాస్త వంకరగా కట్టినా చేప పట్టించుకోదు. గాలం పెద్దది కాబట్టి కొత్త చేతులకి పట్టు దొరుకుతుంది. పైగా దారం బిగువు, ఈక చుట్టడం, తీగ తిప్పడం, చివర ముడి, ఈ నాలుగూ ఒకే ఫ్లైలో నేర్చుకోవచ్చు. చీటీ ఇదీ: 8 సైజు పొడుగు కాడ గాలాలు, నల్ల దారం, తోకకి నల్ల మారబూ ఈకలు, ఒంటికి ఆలివ్ లేదా నలుపు షెనీల్ (బొచ్చు తాడులా ఉంటుంది), చుట్టడానికి కోడిపుంజు నడుము ఈకలు, సన్న రాగి తీగ. ఆరు వస్తువులు. ఈ ఆరింటితో రెండు డజన్లు కట్టాక గానీ ఏడో వస్తువు గురించి ఆలోచించకపోవడం మంచిది.

గాలాల సైజు దగ్గర కొత్తవాళ్లు తికమక పడతారు. అంకె పెరిగే కొద్దీ గాలం చిన్నదవుతుంది, 8 కంటే 14 చిన్నది, 20 అంటే గోటి మీద పెట్టుకుంటే కనిపించీ కనిపించనంత. ఇక ‘3ఎక్స్ లాంగ్’ అంటే గాలం మూతి 8 సైజుదే కానీ కాడ మాత్రం ఇంకా పెద్ద గాలానికి ఉండేంత పొడుగు అని అర్థం. బగ్గర్‌కి 3ఎక్స్ లాంగ్ అయితే బాగుంటుంది. ఇరవై అయిదు గాలాల ప్యాకెట్ ఒకటి చాలు.

దారం సంగతి మాత్రం నిదానంగా చూడాలి, ఎందుకంటే కొత్తవాళ్ల చేతిలో ఎక్కువగా తెగేది అదే, ప్యాకెట్ మీద తప్పుదారి పట్టించే అంకె ఉండేదీ దాని మీదే. ఫ్లై దారాలకి 6/0, 8/0 అని సున్నాల లెక్క ఒకటి పాతకాలం నుంచి వస్తోంది, 6/0 అంటే ఆరు సున్నాలని అర్థం, సున్నాలు పెరిగే కొద్దీ దారం సన్నం. కానీ ఈ లెక్క ఏ రెండు కంపెనీలకీ ఒకేలా ఉండదు. డాన్‌విల్ కంపెనీ 6/0 దారం 70 డెనియర్, యూని కంపెనీ 6/0 దారం సుమారు 135 డెనియర్. అంకె ఒకటే, కానీ ఒకదాని బరువు ఇంకోదానికి దాదాపు రెట్టింపు. ఎక్కడో చదివి 6/0 కావాలని అడిగినవాళ్లకి ఏది దొరుకుతుందో వాళ్ల అదృష్టం. డెనియర్ అయితే మోసం లేని కొలత, 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని డెనియర్. ధర్మవరంలోనో పోచంపల్లిలోనో పట్టు నేసే ఇంట్లో పెరిగినవాళ్లకి ఈ మాట కొత్తేమీ కాదు, పట్టు పోగుని కొలిచేదీ దీంతోనే. అందుకని సున్నాలు వదిలేసి డెనియర్ చూసి కొనాలి. బగ్గర్‌కి 140 డెనియర్, తర్వాత చిన్న ఫ్లైలకి 70 డెనియర్, ఈ రెండు ఉంటే చాలా కాలం గడిచిపోతుంది. రంగులు కూడా నలుపు, గోధుమ రంగు చాలు.

బిగువు విషయానికొస్తే, మల్లెపూలు కట్టే చేతుల్ని గమనించినవాళ్లకి సగం పాఠం అప్పటికే తెలుసు. దారం మరీ లాగితే కాడ తెగిపోతుంది, వదులుగా వేస్తే మూర కట్టేలోగా పూలు జారిపోతాయి, కట్టేవాళ్ల వేళ్లకి ఆ మధ్య బిగువు ఎక్కడుందో తెలుసు, చూడకుండానే తెలుసు. ఫ్లైకి కావాల్సింది సరిగ్గా అదే. 140 డెనియర్ దారం ఎక్కడ తెగుతుందో తెలుసుకోవాలంటే, ఉత్త గాలం మీద పది చుట్లు వేసి కావాలనే తెగేదాకా లాగి చూడాలి. మూడు నాలుగు సార్లు తెంపితే ఆ హద్దు వేళ్లకి అర్థమైపోతుంది, తర్వాత కట్టేటప్పుడు దానికి కొంచెం ఇవతల ఆగుతాయి.

ఇక పనిముట్లు. నిజంగా కావాల్సినవి మూడే: గాలాన్ని పట్టుకునే వైస్, దారం చుట్ట పెట్టుకునే బాబిన్, కత్తెర. మిగతావాటికి ఇంట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. పాత బాల్‌పెన్ను రీఫిల్ తీసేస్తే ఆ గొట్టంతోనే ‘హాఫ్ హిచ్’ అనే తేలిక ముడులు వేయొచ్చు, కుట్టుసూదిని బెండులో గుచ్చితే జిగురు పెట్టడానికీ, చిక్కుకున్న ఈక పోగులు లాగడానికీ పనికొస్తుంది, ముడి మీద ‘హెడ్ సిమెంట్’ అనే ఖరీదైన జిగురు బదులు రంగులేని నెయిల్ పాలిష్ వేసేవాళ్లు ఎంతోమంది. ఈక కొసని పట్టుకునే హాకిల్ ప్లయర్స్ మాత్రం ఒకటి కొనుక్కుంటే మంచిది, ఖరీదు తక్కువే, వేళ్లతో పట్టుకుంటే కొస జారిపోయి చుట్టినదంతా విప్పుకుపోతుంది.

డబ్బంతా వైస్ మీదే పోతుంది, అన్నిటికంటే ఎక్కువ ఊగిసలాడేదీ దాని దగ్గరే. గాలాన్ని గిర్రున తిప్పే రోటరీ వైస్‌లు, మీట నొక్కితే దవడ తెరుచుకునేవి, ఇలా రెండు మూడు వందల డాలర్ల దాకా, ఇంకా పైన కూడా ఉన్నాయి. కిట్లలో వచ్చేవి చాలావరకు పాత థాంప్సన్ ఎ మోడల్‌కి నకళ్లు, వీటిలో మన దేశం నుంచి వెళ్లేవీ చాలానే ఉన్నాయి. నకలు అయినంత మాత్రాన పారేయక్కర్లేదు. వైస్ చేయాల్సిన పని ఒక్కటే, గాలం కదలకుండా పట్టుకోవడం. షాపులోనే పరీక్షించి చూడొచ్చు: 8 సైజు గాలం వంపుని దవడల మధ్య బిగించి, కాడ చివర వేలితో కిందికి నొక్కాలి. గాలం స్ప్రింగులా వంగి మళ్లీ లేస్తే దవడలు గట్టివి. వంగకుండా మొత్తంగా కిందికి జారితే ఆ దవడల లోహం మెత్తది, ఎంత బిగించినా కొన్నాళ్లకి గాడి పడిపోతుంది, అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు. ఈ పరీక్షలో నెగ్గిన మామూలు వైస్ ఒకటి ఉంటే మొదటి ఏడాదికి సరిపోతుంది. రోటరీ కావాలో వద్దో వంద ఫ్లైలు కట్టాక తెలుస్తుంది, ముందుగా తెలిసే దారి లేదు.

వైస్ దగ్గర మిగిల్చిన డబ్బు కత్తెర మీద పెట్టాలి. ఇది చాలామంది తలకిందులుగా చేస్తారు. కుట్టుపని కత్తెరతో లాగించేద్దామనుకుంటే మొన మొద్దుగా ఉంటుంది, ఒక్క పోగు కోయబోతే పక్కన దారం కూడా తెగుతుంది, అరగంట పని ఒక్క కోతతో చెడిపోతుంది. నాలుగంగుళాల పొడుగు, సూదిలాంటి మొన, వేళ్లు ఇరుక్కోకుండా పట్టే రంధ్రాలు, ఇవి ఉంటే చాలు. దాంతో రాగి తీగ కోయకూడదు, ఒక్కసారి కోసినా మొన దగ్గర గాటు పడుతుంది, ఆ గాటులో ఇకపై ప్రతి ఈకా చిక్కుకుంటుంది. తీగకి పాత గోళ్ల కత్తెర పక్కన పెట్టుకోవాలి.

బాబిన్ గురించి ఒక్క మాట. దారం పదే పదే తెగుతుంటే తప్పు చేతిది కాకపోవచ్చు, బాబిన్ గొట్టం మూతి దగ్గర కంటికి కనపడని పదును ఉండొచ్చు. కొంచెం దూది మెలితిప్పి గొట్టం మూతిలో తిప్పితే, పోగులు పట్టుకుంటే పదును ఉన్నట్టే. పింగాణీ మూతి ఉన్న బాబిన్‌కి నాలుగు డాలర్లు ఎక్కువైనా ఈ తలనొప్పి ఉండదు. దారం చుట్ట మరీ బిగుతుగా తిరుగుతుంటే బాబిన్ రెండు కాళ్లని కాస్త బయటికి వంచితే వదులవుతుంది. చెయ్యి వదిలేసినప్పుడు తన బరువుకి తాను జారకుండా వేలాడాలి, లాగితే మెత్తగా రావాలి, అదీ కొలత.

ఇప్పుడు ఈకలు. ఈ విద్యలో మనసు లాగేదీ, జేబు ఖాళీ చేసేదీ ఇవే. నీటి మీద తేలే ఫ్లైకి వాడే ఈక గట్టిగా, సన్నగా, పొడుగ్గా ఉండాలి, పోగులన్నీ ఒకే కొలతలో ఉండాలి, అలాంటివి పుంజు మెడ మీదా, నడుము మీదా మాత్రమే వస్తాయి. ఒకప్పుడు ఇవి ఇండియా, చైనాల నుంచి మామూలు నాటుకోళ్ల మెడ తోళ్లుగా వెళ్లేవి, ‘ఇండియన్ నెక్’ అనే పేరు ఇప్పటికీ ఉంది. తర్వాత అమెరికాలో కొందరు ఈకల కోసమే పుంజుల్ని తరాల తరబడి ఎంచి పెంచారు. హెన్రీ హాఫ్‌మన్ పెంచిన జాతి కోళ్లని తీసుకుని టామ్ వైటింగ్ 1989లో కొలరాడోలోని డెల్టాలో మొదలుపెట్టిన ఫారమ్ ఇవాళ ఇందులో పెద్ద పేరు. అక్కడి పుంజు నడుము ఈక ఒక్కటే చాలా ఫ్లైలకి సరిపోయేంత పొడుగు. 2011లో అమెరికాలో ఆడపిల్లలు ఈ ఈకల్ని జడల్లో పెట్టుకోవడం ఫ్యాషన్ అయితే సెలూన్లవాళ్లు షాపులకి షాపులే ఊడ్చేశారు, ధరలు ఎన్నో రెట్లు పెరిగిపోయాయి, ఫ్లైలు కట్టేవాళ్లకి ఈక దొరకలేదు. ఒక మంచి ఈక వెనక ఎన్నేళ్ల పెంపకం ఉందో, అది ఎంత తేలిగ్గా అయిపోతుందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

రంగుల పేర్లు వింటే గోదావరి జిల్లాల వాళ్లకి సొంత ఊరు గుర్తొస్తుంది. పందెం పుంజుల్ని ఈక రంగు బట్టి కాకి, డేగ, సేతు అని పిలిచినట్టే ఇక్కడ గ్రిజ్లీ అంటే నలుపు మీద తెల్ల చారలు, బ్యాడ్జర్ అంటే తెలుపులో నల్ల నడుమ, ఫర్నెస్ అంటే ఎర్ర గోధుమలో నల్ల నడుమ, డన్ అంటే బూడిద. కోడిని ఈకలో చూసే కన్ను ఎక్కడైనా ఒకటే మరి. కానీ మొదటి చీటీలో ఇవేవీ అక్కర్లేదు. బగ్గర్ నీళ్లలో మునిగే ఫ్లై, దానికి ఈక మెత్తగా ఉంటేనే మంచిది, దారానికి గుచ్చి అమ్మే మామూలు పుంజు నడుము ఈకల ప్యాకెట్ చాలు. వందల డాలర్ల మెడ తోలు కొని బగ్గర్‌కి వాడటం పట్టుచీరతో గచ్చు తుడవడం లాంటిది.

తోకకి వాడే మారబూ పేరు ఆఫ్రికా కొంగది, ఇప్పుడు అమ్మేది మాత్రం టర్కీ కోడి నూగు ఈక. పొడిగా ఉన్నప్పుడు పొంగి గాలికి ఎగిరిపోతుంటుంది, ఎంత పెట్టాలో అంచనా దొరకదు, కొత్తవాళ్లు రెట్టింపు పెట్టేస్తారు. వేళ్లు తడిపి దాన్ని నిమిరితే ఒక్కసారిగా ముడుచుకుని సన్నటి కుంచె అవుతుంది, నీళ్లలో దాని అసలు రూపం అదే. తడిపి కొలిస్తే కట్టడం తేలిక. తోక పొడవు గాలం కాడ పొడవంత ఉంటే చాలు, ఎక్కువైతే చేప తోక కొరికి వదిలేస్తుంది.

నెమలి ఈక విషయంలో ఒక హెచ్చరిక. ఫ్లై కట్టేవాళ్లు నెమలి పింఛంలోని పచ్చటి పోగుల్ని ఎంతగానో వాడతారు. ట్రౌట్ నదుల్ని కాపాడే ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ 1959లో మిషిగన్‌లో జార్జ్ గ్రిఫిత్ ఇంట్లోనే మొదలైంది, ఆయన పేరుతో ఉన్న చిన్న ఫ్లై ఒంటికి నెమలి పోగులూ, వాటి మీద గ్రిజ్లీ ఈకా, అంతే సరుకు. అందుకని ఇంటికొచ్చినప్పుడు ఊళ్లో రాలిన నెమలి ఈకలు ఏరి సూట్‌కేసులో పెట్టుకుందామని అమెరికాలో ఉండే తెలుగువాళ్లకి అనిపించడం సహజం. అలా చేయకూడదు. రాలిన ఈకలు దేశంలో ఉంచుకోవడం వేరు, దేశం దాటించడం నిషిద్ధం. ఎక్కువగా దక్షిణ భారతంలో కనిపించే బూడిద రంగు అడవి కోడి మెడ ఈకలు, పసుపు మైనం బొట్టు పెట్టినట్టుండేవి, సాల్మన్ ఫ్లైలకి ఎంతో విలువైనవి, వాటి కోసం ఆ కోళ్లని వేలల్లో చంపిన రోజులున్నాయి. 1972 వన్యప్రాణి చట్టం కింద ఆ పక్షికి రక్షణ ఉంది. విదేశాల్లో పెంచిన పక్షుల ఈకలు చట్టబద్ధంగా దొరుకుతాయి, అవసరమైతే అవే కొనాలి. అమెరికాలో కూడా పార్కులో దొరికిన ఏ ఈక పడితే ఆ ఈక తెచ్చుకోకూడదు, 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం చాలా అడవి పక్షుల ఈక దగ్గర పెట్టుకోవడమే నేరం. షాపులో నెమలి పోగుల ప్యాకెట్ కొన్ని డాలర్లే, దాని కోసం ఇంత రిస్క్ అనవసరం.

బరువు కోసం గాలానికి సీసం తీగ చుట్టే అలవాటు పాతది. మింగిన హంసలు చచ్చిపోతున్నాయని గాలపు దారానికి కట్టే చిన్న సీసపు గుండ్లని బ్రిటన్‌లో 1987లో నిషేధించారు, ఎల్లోస్టోన్ పార్కులో సీసం కలిసిన ఫ్లైలు వాడనివ్వరు. మొదటి రోజు నుంచే సీసం లేని తీగ అలవాటు చేసుకుంటే మేలు. ఇంకా బరువు కావాలంటే టంగ్‌స్టన్ పూస, ఇత్తడి కంటే రెండింతలకి పైగా బరువు, ధర కూడా ఆ లెక్కనే.

కొన్నవాటిని దాచుకోవడం కూడా ఆలోచించాలి. ఈకలకీ బొచ్చుకీ పురుగు పడుతుంది, ఒక్క ప్యాకెట్‌లో పడితే పెట్టె మొత్తం పోతుంది. కొత్తగా వచ్చిన ప్రతి ఈకనీ జిప్ కవర్లో వేసి కొన్నాళ్లు ఫ్రీజర్లో ఉంచి, ఆ తర్వాతే మిగతావాటితో కలపాలి. పట్టుచీరల బీరువాలో వేసే కలరా ఉండలు ఇక్కడ కూడా కొందరు వేస్తారు గానీ, వాసన ఫ్లైకి పడుతుంది, గట్టిగా మూసిన డబ్బా ఉంటే వాటి అవసరం రాదు.

డబ్బు మిగులుతుందనే ఆశతో మాత్రం మొదలుపెట్టకూడదు. షాపులో ఒక్కో ఫ్లై రెండు మూడు డాలర్లు, పనిముట్ల ఖర్చు తిరిగి రావాలంటే చాలా కట్టాలి, అప్పటికి ఇంకో గోడ ముందు నిలబడి ఉంటారు. కట్టేవాళ్లు కట్టేది వేరే కారణానికి. తన చేత్తో చుట్టిన ఈక ముక్కని నిజమైన పురుగనుకుని చేప నోట్లో వేసుకున్న క్షణం గాలపు దారం మీద తెలుస్తుంది, దానికి ధర కట్టలేం.

మొదటి డజను బగ్గర్లలో దాదాపు అన్నిటికీ ఒకే జబ్బు ఉంటుంది, గాలం కన్ను దగ్గర చోటు మిగలదు. షెనీల్ కన్ను దాకా చుట్టేసి, ఈక కట్టడానికీ ముడికీ జాగా లేక దారం కన్ను మీదికి ఎక్కేస్తుంది, తర్వాత ఏరు దగ్గర దారం గుచ్చబోతే కన్ను మూసుకుపోయి ఉంటుంది. కన్ను వెనక, దాని పొడుగంత ఖాళీ వదిలి అక్కడే ఆగాలి. రెండో డజనుకి ఇది చేతికి వచ్చేస్తుంది. అప్పుడు రెండో చీటీ రాసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో ఏవన్ నదిని చూసుకునే ఫ్రాంక్ సాయర్ కట్టిన ఫెజెంట్ టెయిల్ నింఫ్ అనే ఫ్లైకి దారం కూడా అక్కర్లేదు, సన్న రాగి తీగే దారం, అదే బరువు, దాని మీద ఫెజెంట్ కోడి తోక పోగులు. తీగ బగ్గర్ కోసం కొన్నది పెట్టెలో ఉండనే ఉంది. కాబట్టి ఈసారి చీటీలో రెండే: ఫెజెంట్ తోక ఈక ఒకటి, 14 సైజు గాలాల ప్యాకెట్ ఒకటి.